బస్సులో ఉండిపోయిన జపాను పాటల సీడీ

ఖతర్‌లో వరల్డ్ కప్ కోసం కట్టిన స్టేడియాల గురించి చాలామంది రాశారు. గడ్డి గురించి రాశారు, ఎండ గురించి రాశారు, మా కష్టాల గురించి కూడా రాశారు. మా బస్సులో మోగిన పాటల గురించి మాత్రం ఎవరూ నన్ను అడగలేదు. వేరేవాళ్లను అడిగితే ఆ పాటలు తెచ్చింది డ్రైవరని చెబుతారు. కాదు, తెచ్చింది నేను. ఈ మాట చెప్పుకోవడానికి ఇన్నాళ్లూ ఎవరూ సందు ఇవ్వలేదు కాబట్టి నేనే మొదటి నుంచీ చెబుతాను.

వీసా కోసం ఎదురుచూస్తూ మెట్‌పల్లి దగ్గర మా ఇంట్లో ఖాళీగా కూర్చున్న రోజుల్లో మా బిడ్డ అప్పుడప్పుడే బడికి పోతోంది. సాయంత్రం రాగానే టీవీలో ఒక కార్టూన్ పెట్టేది. అందులో పాటలు పాడే అమ్మాయిలు ఇద్దరు. ఒకామె జుట్టు గులాబీ రంగు, ఇంకొకామెది ఊదా. గులాబీ జుట్టామె ఎప్పుడూ నవ్వుతుండేది. ఊదా జుట్టామె ఎవరి మీదో అలిగినట్టు ఉండేది. ఇద్దరూ ఒక బస్సేసుకుని ఊరూరా తిరుగుతూ పాడేవాళ్లు. మధ్యమధ్యలో బొమ్మలు పోయి నిజం అమ్మాయిలు కనబడేవాళ్లు. జపాన్‌లో పేరున్న గాయనులట, ఆ బొమ్మలు వాళ్లవేనట. పాట రాగానే బిడ్డ తల ఊపేది, నన్నూ ఊపమనేది.

"నువ్వు అలిగేటామెవు బాపూ," అనేది.

నా భార్య చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతూ, "తండ్రికీ బిడ్డకూ ఇద్దరికీ పనిలేదు," అనేది. ఆ మాట కూడా నేను మరిచిపోలేదు. కానీ ఆ సాయంత్రాలు నిజంగా బాగుండేవి. ఆ తర్వాత అంత తీరిగ్గా నేను మా ఇంట్లో ఎప్పుడూ కూర్చోలేదు.

వీసా వచ్చింది, పోయాను. పదేళ్లు దాటి, కంపెనీలు మారాక అక్కడి మెసయీద్ క్యాంప్‌లో పడ్డాను. స్టేడియం సైటులో రాడ్ కట్టే పని. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. ఆ బస్సులో పాటల దగ్గర రోజూ లొల్లే. మలయాళీలకు మలయాళం కావాలి, నేపాలీలకు నేపాలీ, బంగ్లా వాళ్లకు వాళ్లది. మా నిజామాబాద్, జగిత్యాల వాళ్లకు పెళ్లి బరాత్‌లో మోగే డీజే పాటలు కావాలి. ఒకసారి మా పాట సగంలో ఉండగా ఒకతను లేచి పెన్‌డ్రైవ్ పీకేశాడు. అతని ముఖం నాకిప్పటికీ గుర్తే. చివరికి సేఫ్టీ చూసే మలయాళీ సారు, "ఇక ఎవరి భాష పాటలూ వద్దు," అని మొత్తానికే ఆపించాడు. కొన్నాళ్లు ఏసీ మోత, ఎవరిదో దగ్గు తప్ప బస్సులో ఇంకేమీ వినబడలేదు.

ఒక శుక్రవారం నేనూ, మా రూమ్‌లో ఉండే జగిత్యాల తమ్ముడూ దోహాలో అల్ ముంతజా బస్తీకి పోయాం. దేశం వదిలి పోతున్న ఒక కుటుంబం తమ బిల్డింగ్ ముందు సామాన్లు పరిచి అమ్ముతోంది. గిన్నెలు, పిల్లల సైకిలు, అట్టపెట్టె నిండా సీడీలు. పైనే ఆ ఇద్దరి ముఖాలు, గులాబీ జుట్టు, ఊదా జుట్టు. కార్టూన్‌లో వచ్చిన పాటలూ వాళ్ల వేరే పాటలూ కలిపి వేసిన సీడీ అని వెనక రాసి ఉంది.

"ఏందన్నా, చిన్నపిల్లలదా?" అన్నాడు తమ్ముడు.

"మా బిడ్డకు."

"నీ బిడ్డ ఇంటర్ల ఉన్నది గదనే."

"ఉంటే?"

"ఏం లేదు, కొనుక్కో. నేనైతే కుక్కర్ కొంటున్న."

ఆ సాయంత్రమే బిడ్డకు ఫోన్ చేసి చెప్పాను. "నిజంగనా బాపూ? అవి ఇంకా దొరుకుతున్నయా?" అని నవ్వింది. లీవుకు వచ్చినప్పుడు తెస్తానన్నాను.

క్యాంప్‌లో సీడీ వేసి చూసే మిషన్ ఎవరి దగ్గరా లేదు. బస్సులో ఉంది. శనివారం పొద్దున ఎక్కగానే పఠాన్ డ్రైవర్‌ను అడిగాను, చెడిపోయిందో మంచిగుందో చూడాలి, ఒక్క పాట వేయమని. అతను అట్ట మీది బొమ్మలు చూసి, "భాయ్, నీకు పెళ్లయిందని చెప్పావు కదా?" అన్నాడు హిందీలో. ముందు సీట్లవాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లెవరో నాకు తెలుసు.

గిటార్ మోగింది. ఆ ఇద్దరూ అందుకున్నారు. సేఫ్టీ సారు కునుకు నుంచి లేచి, "ఇది ఎవరి భాష?" అని అరిచాడు.

"ఎవరిదీ కాదు సార్," అన్నాను.

సారు వెనక్కి తిరిగి బస్సంతా చూశాడు. ఎవరిని తిట్టాలో ఆయనకు అర్థం కాలేదు. "అయితే సౌండ్ తగ్గించండి," అని కళ్లు మూసుకున్నాడు. పాట అయిపోయాక నేను సీడీ అడిగితే వెనక నుంచి ఒక నేపాలీ, "రహనే దో దాయ్, రహనే దో," అన్నాడు, ఉండనీ అన్నా అని.

ఆ రోజు నుంచి మా బస్సులో ఆ పాటలే. మాట ఒక్కటీ ఎవరికీ తెలియదు. కొన్ని ఇంగ్లీషులో ఉన్నా అవీ అంతే. ఎవరికి తోచిన మాటలు వాళ్లు కలిపి పాడేవాళ్లు. బంగ్లా వాళ్లు సీటు వెనక రేకు మీద దరువేసేవాళ్లు. పొద్దున పోయేటప్పుడు గోల పాటలు, సాయంత్రం ఒంటి నిండా దుమ్ముతో తిరిగొచ్చేటప్పుడు ఒక మెల్లని పాట. క్యాంప్ దారిలో ఉన్న రిఫైనరీ మంట కనబడే దగ్గర అది మొదలు కావాలి. కాకపోతే డ్రైవర్‌కు తిట్లు. పెన్‌డ్రైవ్ పీకినతను కూడా తల ఊపేవాడు. నేను చూడనట్టు ఉండేవాణ్ని. నిజం చెప్పాలంటే గల్ఫ్‌లో నేను గడిపిన కాలంలో ఆ ప్రయాణాలంత హాయి ఇంకెక్కడా లేదు.

లీవుకు పోయినప్పుడల్లా సీడీ తీసుకుంటానంటే బస్సంతా బతిమాలేది. వచ్చేసారి, వచ్చేసారి అనుకుంటూ పోయింది.

మ్యాచ్‌లు దగ్గరపడ్డాక సైటు పని అయిపోయింది. కొందరిని ఇంటికి, కొందరిని వేరే పనులకు పంపారు. చివరి రోజు బస్సులో సేఫ్టీ సారు లేచి, ఫోన్‌లో వీడియో తీస్తూ, "ఇన్నేళ్లూ మనకు జపాన్ పాటలు వినిపించిన డ్రైవర్ భాయ్‌కి," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. "సీడీ నాది," అన్నాను నేను. చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. పక్కన తమ్ముడు కూడా కొడుతున్నాడు.

"నువ్వెందుకు కొడుతున్నవ్ రా?"

"అందరు కొడుతున్నరు గదన్నా."

డ్రైవర్ మంచివాడు. "నీదే భాయ్, నాకు తెలుసు. గేటు దగ్గర తీసిస్తా," అన్నాడు. గేటు దగ్గర వెనక బస్సులు ఆగిపోయాయి. వాచ్‌మన్ యల్లా యల్లా, పదండి పదండి అని తరిమాడు. మేం దిగడంతోనే బస్సు కదిలిపోయింది. తెల్లారి అది వేరే కంపెనీకి పోయింది. డ్రైవర్ నంబరు ఇప్పుడు మోగదు.

మా బిడ్డకిప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. మొన్న వచ్చినప్పుడు ఆ కార్టూన్ మాట తనే ఎత్తింది. సీడీ సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విని, నా చెయ్యి పట్టుకుని, "బాపూ, అసలు కొననే లేదు గదా? నన్ను నవ్వించనీకి చెప్పినవ్. చెప్తే ఏమైతది, నాకేం కోపం లేదు," అంది. కోపం చేసినా బాగుండేది. చివరి రోజు సారు తీసి అందరికీ పంపిన వీడియో చూపించాను. అందులో నా నోరు తెరుచుకోవడం కనబడుతుంది.

"ఏమంటున్నవ్ అక్కడ?"

"నాది అంటున్న."

"వినబడ్తలేదు బాపూ," అంది. ఆ పాటలన్నీ ఫోన్‌లోనే ఉన్నాయని పెట్టి వినిపించింది. పాటలు లేక కాదు కదా నా బాధ.

మా బస్సు వాట్సాప్ గ్రూపు ఇంకా ఉంది. అందులో అడిగాను. ఒకరు గులాబీ పువ్వు పెట్టారు. ఒకరు ఏ సీడీ అన్నారు. తమ్ముడు, "ఇడువన్నా," అన్నాడు. సారు చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. విడిగా మెసేజ్ పెట్టాను, మళ్లీ టిక్కులే.

సార్, డ్రైవర్ భాయ్‌కు మీరు చెప్పిన మెప్పు వెనక్కి తీసుకోమనడం లేదు. సీడీ వెతికి పెట్టమనీ అనడం లేదు. మా బిడ్డ నంబరు మీకు పంపాను. ఆ సీడీ తెచ్చింది వాళ్ల బాపేనని ఆమెకు ఒక్క వాయిస్ మెసేజ్ పెట్టండి. హిందీలో అయినా సరే, మలయాళంలో అయినా సరే. చదివారని నాకు తెలుసు. జవాబు చెప్పండి.