పాలిష్ రాయి ముందు గులాబీ కెమెరా

ఆ రోజుల్లో ఫొటో అంటే ముందు తల దువ్వుకోవడం, తర్వాత ఊపిరి బిగబట్టడం. ఫోన్లలో కెమెరాలు అప్పటికే వచ్చాయి గానీ, వాటితో తీస్తే ఫొటోలో ఉన్నది ఎవరో ఆ ఉన్న మనిషే చెప్పాల్సి వచ్చేది. నాది ఏ విషయమైనా తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడే వయసు. ఇప్పుడైతే రోజుకు పది సంగతులు తెలియవని ఒప్పుకుంటున్నాను, అన్నం కూడా బాగానే సహిస్తోంది. అప్పుడు మాత్రం తెలియదంటే ఉద్యోగం రాదని, ఉద్యోగం రాకపోతే కనిగిరిలో మా అమ్మ నన్ను చర్చి ఆదివారం బడిలో పిల్లలకు పాటలు నేర్పే పనికి శాశ్వతంగా అప్పగించేస్తుందని భయం. (నా గొంతు విన్నవాళ్లెవరైనా ఆ భయం నాకంటే పిల్లలకే ఎక్కువ ఉండాలంటారు.)

అందుకే చీమకుర్తిలో ఒక చిన్న గ్రానైట్ పాలిష్ యూనిట్‌లో ఆఫీసు పనికి మనిషి కావాలంటే పరిగెత్తాను. యజమానిని అందరూ సారు అనేవాళ్లు. రాతి పొడి పడి ఆయన చొక్కా ఏ రంగుదో తెలిసేది కాదు. నా సర్టిఫికెట్లు తిరగేస్తూ, "టైపింగ్ వచ్చామ్మా?" అన్నారు. వచ్చు సార్ అన్నాను. "ఇంగ్లీషులో మెయిల్స్ రాయగలవా?" రాయగలను సార్. "ఫొటోలు తీయడం?" మొదటి రెండూ నిజాలు కావడంతో మూడోది కూడా అదే ఊపులో నోట్లోంచి వచ్చేసింది. "వచ్చు సార్." కెమెరాతో నాకున్న అనుభవమంతా మా పెద్దమ్మ కూతురి పెళ్లిలో వీడియో తీసేవాళ్ల లైటు పట్టుకోవడం. అది కూడా లైటు పట్టుకునే మనిషి భోజనానికి వెళ్లిన కాసేపు.

చేరి నెల తిరక్కముందే ఆ మూడో జవాబు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మా యూనిట్‌లో తయారైన స్లాబులు, అంటే పాలిష్ పట్టిన పెద్ద రాతి పలకలు, అప్పటిదాకా పెద్ద వ్యాపారుల చేతుల మీదుగానే బయటి దేశాలకు వెళ్లేవి. మొట్టమొదటిసారి పోలండ్ నుంచి ఒకావిడ నేరుగా మాకే మెయిల్ రాసింది. మీ దగ్గర సిద్ధంగా ఉన్న నల్ల రాయి ఫొటోలు పంపండి, నచ్చితే తీసుకుంటాం అని. సారు ఆ మెయిల్ నాచేత నాలుగుసార్లు చదివించుకున్నారు. తర్వాత, "గుంటూరు వెళ్లి ఒక కెమెరా కొనుక్కురామ్మా. చిన్నది చాలు, మరీ ఖరీదైనదొద్దు. ఎటూ నీకు తెలుసుగా" అన్నారు. పక్కనే ఒంగోలు ఉందిగా సార్ అన్నాను. "ఒంగోల్లో కొంటే సాయంత్రానికి మా బావకి తెలుస్తుంది. ఎల్లుండికి ఇంతకంటే పెద్దది కొంటాడు" అన్నారాయన. (బావగారికి పక్క రోడ్డులోనే మాకంటే పెద్ద యూనిట్ ఉండేది. బావా బావమరుదుల పలకరింపులు బాగానే ఉండేవి, కానీ ఒకరి లోడింగ్ జరిగేటప్పుడు ఇంకొకరు గేటు ముందు బండి ఆపి టైర్లో గాలి చూసుకునేవారు.)

నాకు తోడుగా అద్దం బాబాయిని పంపారు. ఆయన మా పాలిష్ మేస్త్రీ. ఆయన చెయ్యి పడిన రాయిలో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చని ఆ పేరు పెట్టారు. దర్గాకు వెళ్లేటప్పుడు వేసుకునే తెల్ల జుబ్బా వేసుకుని, చేతిలో ఒక గుడ్డ సంచితో బస్సెక్కాడు. సంచి సీటు మీద పెడితే సీటు కిందికి దిగింది. ఏముంది బాబాయ్ అంటే, "రాయి. మనం ఫొటో తీయాల్సింది దీన్నేగా. దీనికి నచ్చిందే కొందాం" అన్నాడు. నేను నవ్వుకున్నాను. కెమెరా కొనేవాళ్లకు ఇంతకంటే మంచి సలహా ఎవరూ ఇవ్వలేరని తర్వాత ఎప్పటికో తెలిసింది.

గుంటూరులో షాపు చల్లగా ఉంది. టై కట్టుకున్న సేల్స్‌మ్యాన్ వరసగా కెమెరాలు పరిచాడు. "ఇది పది మెగాపిక్సెల్స్ మేడమ్. ఇది పన్నెండు. ఇది నవ్వితే దానంతటదే ఫొటో తీస్తుంది." నేను అన్నీ తెలిసినదానిలా తల ఊపుతున్నాను. బాబాయి మాత్రం సంచిలోంచి రాయి తీసి, దబ్ అని గాజు కౌంటరు మీద పెట్టాడు. సేల్స్‌మ్యాన్ మొహంలో రంగు పోయింది. "ఇది నవ్వదు బాబూ. దీన్ని తీసి చూపించు" అన్నాడు బాబాయి.

మా ప్రాంతపు నల్ల రాయి విలువంతా దానిలోని బంగారు చుక్కల్లో ఉంటుంది. చీకటి ఆకాశంలో చుక్కల్లాగా మెరుస్తాయి. పన్నెండు మెగాపిక్సెల్స్ కెమెరా ఫ్లాష్ కొట్టింది. తెర మీద రాయి లేదు, చుక్కలు లేవు, మధ్యలో తెల్లగా ఒక సూర్యుడున్నాడు. రెండోదీ అంతే. మూడోదానిలో డిజిటల్ జూమ్ ఉందని, ఎంత దూరమైనా దగ్గరకు లాగుతుందని చెప్పి ఆ అబ్బాయి బటన్ నొక్కాడు. చుక్కలు ముందు పెద్దవయ్యాయి, తర్వాత గళ్లు గళ్లుగా విడిపోయాయి. బాబాయి కళ్లజోడు సవరించుకుని చూశాడు. "ఇది దగ్గరకు తేవడం కాదు నాయనా, రాయిని గుండ కొట్టడం. ఆ పనికి మా దగ్గర మిషన్లున్నాయి."

గంట గడిచాక, విసిగిపోయిన సేల్స్‌మ్యాన్ కింది అరలోంచి ఒక పాత మోడల్ తీశాడు. మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచేది, మెగాపిక్సెల్స్ తక్కువ, ధర ఇంకా తక్కువ. వెనక పువ్వు బొమ్మ ఉన్న బటన్ ఒకటి ఉంది. అది పూలను తీయడానికేమో అనుకున్నాను. అదృష్టవశాత్తూ నోరు విప్పకముందే అతనే దాన్ని నొక్కి, ఫ్లాష్ ఆపేసి, జానెడు దూరంలో పెట్టి తీశాడు. చుక్కలన్నీ విడివిడిగా, ఒక్కొక్కటీ వెలుగుతూ కనబడ్డాయి. బాబాయి రాయి తీసి సంచిలో పెట్టేశాడు, అంటే బేరం కుదిరినట్టు. ఆ మోడల్లో మిగిలింది ఒక్కటే, అది గులాబీ రంగుది. చీమకుర్తి చేరాక సారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "పౌడర్ డబ్బాలా ఉందేంటమ్మా" అని మాత్రం అన్నారు.

అసలు కథ మర్నాడు మొదలైంది. షాపులో పెట్టింది చేతిరుమాలంత రాయి. యార్డులో నిలబెట్టినవి నాకంటే ఎత్తున్న స్లాబులు. ఫ్లాష్ వేస్తే సూర్యుడు వస్తున్నాడు, వేయకపోతే నేను వస్తున్నాను. బాబాయి పాలిష్ అంత నిజాయితీగా ఉండేది. ఏ మూల నుంచి తీసినా రాయిలో నేను, నా వెనక లారీ, లారీ మీద ఆరేసిన లుంగీ, దూరంగా నీళ్లు తాగుతున్న మా యూనిట్‌లో పనిచేసే ఒరిస్సా కుర్రాళ్లు, అందరూ వరసగా ఉండేవాళ్లు. వంగి తీశాను, స్టూలెక్కి తీశాను, కళ్లు మూసుకుని కూడా తీశాను. (కళ్లు మూసుకుంటే రాయిలో నేను కనబడనని ఎందుకనిపించిందో అడగకండి.) బటన్ నొక్కిన క్షణానికీ కెమెరా తీసే క్షణానికీ మధ్య ఒక టీ తాగేంత వ్యవధి ఉండేది. ఇరవై ఫొటోలకు సెల్స్ అయిపోయేవి.

మూడో రోజు పొద్దున్నే బాబాయి లారీ మీద కప్పే నల్ల పట్టా తెచ్చి, దానికి మధ్యలో చిన్న కన్నం పెట్టి, ఇద్దరు మనుషులచేత నా ముందు తెరలా పట్టించాడు. కన్నంలోంచి కెమెరా కన్ను ఒక్కటే బయటకు. ఎండ ఎక్కకముందు మెత్తటి వెలుగులో రాయి రాయిలా వచ్చింది, పువ్వు బటన్ నొక్కి దగ్గరగా తీస్తే చుక్కలూ వచ్చాయి. నేను పట్టా వెనక చెమటతో తడిసి, ఆనందంతో గెంతాను. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, మంచివి ఒక చోట, పనికిరానివి ఒక చోట పెట్టాను. ఒక్కో ఫొటో వెళ్లడానికి పావుగంట పట్టే ఆ నెట్‌తో సాయంత్రం దాకా కూర్చుని ఎనిమిది పంపాను.

మర్నాడు చూసుకుంటే పంపినవి పనికిరానివి.

సారుకి చెప్పలేదు. మళ్లీ పంపితే జవాబులో ఆ సంగతి బయటపడుతుందని, పంపకపోతే బేరం పోతుందని, మూడు రోజులు క్యారియర్ విప్పకుండానే అద్దె గదికి తీసుకెళ్లాను. బాబాయికి ఒక్కడికే చెప్పాను. "చెప్పేయ్ అమ్మాయ్. ఆయన అరుస్తాడు, అంతేగా. మిషన్ల చప్పుడులో మాకెలాగూ వినబడదు" అన్నాడు. నేను ఆఫీసు గదిలో కూర్చుంటాను కాబట్టి నాకు బాగానే వినబడుతుంది మరి.

నాలుగో రోజు సారు పిలిచి, జవాబు వచ్చింది చదవమన్నారు. తెర మీద అక్షరాలు కదులుతున్నాయి. ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. "ఫొటోలు అందాయి. ఐదో నంబరు రాయిలో టీ తాగుతూ నవ్వుతున్న పెద్దమనిషి గ్లాసు మీద గీత కూడా కనబడుతోంది. ఇంత మంచి పాలిష్ మాకు వేరేవాళ్ల ఫొటోల్లో కనబడలేదు. ఏడో నంబరులో ఉన్న అమ్మాయి దేనికో బాగా దిగులుపడుతున్నట్టుంది, రాయి చాలా బాగుందని ఆమెకు చెప్పండి. దయచేసి మనుషులు లేకుండా, చుక్కలు దగ్గరగా కనబడేలా కొన్ని పంపగలరు."

"ఏడో నంబరులో అమ్మాయి ఎవరమ్మా?" అన్నారు సారు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఫోల్డర్లు తారుమారైన సంగతి, ఈ ఉద్యోగంలో చేరేదాకా కెమెరా పట్టుకోనేలేదన్న సంగతి, అడగని పెళ్లి లైటు సంగతి కూడా కలిపి చెప్పేశాను. ఆయన అరవలేదు. బల్ల మీద పొడి చేత్తో తుడుస్తూ, "మనకి ఎగుమతుల్లో ఎంతో అనుభవం ఉందని ఆవిడకి రాయించింది ఎవరు? టైప్ చేసింది నువ్వేగా" అన్నారు. తర్వాత, "ఇద్దరం నేర్చుకుందాంలే. ముందు ఆ పువ్వు బటన్ ఫొటోలు పంపు" అన్నారు.

అవి పంపాను, ఈసారి బాబాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటీ ఆయన చూసి సరే అన్నాకే. బేరం కుదిరి, నెలన్నరకు కంటైనర్ కదిలింది. దాని వెనకాల గేటు దాకా నడిచి వచ్చి బాబాయి, "ఆ టీ ఫొటో కాగితం మీద వేయించి ఇస్తావా అమ్మాయ్? ఇరవై ఏళ్లుగా రాళ్లలో నా మొహం చూసుకుంటున్నా. నవ్వుతానని ఎప్పుడూ తెలీలేదు" అన్నాడు. ఒంగోలులో వేయించి ఇచ్చాను. వాళ్లింట్లో టీవీ మీద చాలాకాలం ఉందది.

ఆ శనివారం సారు కెమెరా ఇంటికి తీసుకెళ్లమన్నారు, మీ అమ్మకి చూపించుకోమని. కనిగిరి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరికి రెండు మైళ్ల ముందు రోడ్డు పక్కనే కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, పొలమంతా ఎర్ర దుప్పటి పరిచినట్టు. ఏమైందో తెలియదు, ఆపండి ఆపండి అని కేకేసి దిగిపోయాను. రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు పనాపి చూశారు. "ఎవరమ్మాయివి? పురుగుమందుల కంపెనీ మనిషివా?" అంది ఒకావిడ. కాదు, ఊరికే ఫొటో తీసుకుందామని అన్నాను. "ఊరికేనా" అని ఆవిడ పక్కావిడతో నవ్వి, కొంగు సర్దుకుని నిలబడింది. తెర మీద చూపిస్తే అందరూ ఒకరి మీద ఒకరు పడి చూశారు, ఘాటుకి నాతో పాటు నవ్వుతూ తుమ్మారు. పదకొండో ఫొటోకి సెల్స్ అయిపోయాయి. మరో బస్సు రాలేదు. ఎండలో, ముక్కు కారుతూ, చెప్పు తెగి, రెండు మైళ్లు నడిచి ఇల్లు చేరాను. ఆ నడకంతా పాడుకుంటూనే ఉన్నానని మా అమ్మ చెబుతుంది, వీధి చివర నుంచే నా గొంతు వినబడిందట.

అలా పాడుకుంటూ నడిచిన ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, ఇంత తొందరేంటే అని అడగాలనిపిస్తుంది. మళ్లీ అడగకపోతేనే బాగుంటుందనిపిస్తుంది. ఇవాళ నా ఫోన్‌లో వేల ఫొటోలున్నాయి, అన్నీ చక్కగానే వచ్చాయి. వాటిలో ఏ ఒక్కదాని కోసమూ నేను బస్సు దిగలేదు.