దక్షిణానికి గురువారం

ఆట ఎప్పుడు పెట్టుకోవాలో తేల్చుకుందామని ఆ మంగళవారం నా మిత్రుడు వచ్చాడు. తడ దగ్గరి ఫ్యాక్టరీలో పనిచేసిన రోజుల్లో విదేశీ అధికారుల వెంట తిరిగి గోల్ఫ్ నేర్చుకున్నాడు. రిటైరయ్యాక నాకూ అంటించాడు. తన గుండెకు స్టెంట్ వేశాక మాత్రం అతను మైదానం మొహం చూడలేదు. ఇప్పుడు డాక్టర్ ఒప్పుకున్నాడు: తొమ్మిది హోల్స్, అంటే సగం ఆట వరకే, అదీ ఎండెక్కకముందే. “నడవకపోతే మనిషి కుర్చీకి అతుక్కుపోతాడు” అని నాతో విడిగా చెప్పాడు.

మాకు దగ్గరలోని గోల్ఫ్ కోర్సు సరిహద్దు దాటాక, తమిళనాడులో ఉంది. డబ్బు కట్టి ఎవరైనా ఆడవచ్చు. కానీ బయటివాళ్ళకు పొద్దుటి స్లాట్లు ఇచ్చేది గురువారం ఒక్కరోజే. మిగతా రోజుల్లో పది దాటాలి.

ఫోన్‌లో గురువారం నొక్కబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

“శుక్రవారం చూడరా.”

“పదిన్నరకుంది. ఎండలో వేగుతావా?”

“ఆడ తిరిగేదానికి బండి ఇస్తారు గదా, దాంట్లో కూచుంటాలే.”

“బండిలో కూచోమనా డాక్టర్ చెప్పింది?”

గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. నాకు అర్థమైంది. గురువారం దక్షిణానికి వారశూల. ఆ దిక్కుకు బయల్దేరకూడదని చాలా ఇళ్ళలో పాటిస్తారు. పైగా అది యముడి దిక్కు. ఇదంతా అతని భార్య పట్టుదల అనుకుని అప్పటికప్పుడు ఆమెకు ఫోన్ చేశాను. దిక్కులకు వారాలు తెలియవన్నాను. ప్రతి గురువారం చెన్నై పోయే రైళ్ళ సంగతేమిటన్నాను.

“అన్నా, నన్నెందుకు కడుగుతా ఉండావు? నేను పొమ్మనే చెప్పినా. ఆస్పత్రి నుంచి వచ్చినకాడ్నించి ఆయనే క్యాలెండర్ చూడకుండా గడప దాటడంలా.”

ఫోన్ పెట్టేశాను. నాతోపాటు వేదికలెక్కి ముహూర్తాలను చీల్చి చెండాడినవాడు ఇతను. పట్టుబట్టి ఆషాఢంలో పెళ్ళి చేసుకున్నవాడు.

“నవ్వరా, నవ్వు” అన్నాడు. “ఆ పొద్దు నన్ను ఆంబులెన్స్‌లో చెన్నైకి తీసకపోయినారే, అది గురువారమే. వాదన నాకు తెలీదా? నీకు నేర్పిందే నేను. కాళ్ళు రావడంలేదురా.”

ఆ ఆంబులెన్స్ ఆ దిక్కుకు పోబట్టే బతికావన్నాను. తల ఊపాడు. ఒప్పుకున్నాడు. కదలలేదు. భయం వాదనలో ఓడిపోయాక కూడా కూర్చున్నచోటే కూర్చుంటుందని నాకెవరూ చెప్పలేదు.

చివరికి తనే దారి చూపించాడు: ప్రస్థానం. ముందురోజే సామాను వేరే ఇంట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. బుధవారం తన గోల్ఫ్ సంచి మా ఇంట్లో ఉంచుతానన్నాడు. దిక్కును కూడా బురిడీ కొట్టించే తంతు ఇదని వ్యాసం రాసినవాణ్ణి నేను. ఇప్పుడు దానికి నా ఇంట్లో చోటివ్వాలి. ఇవ్వకపోతే శుక్రవారం ఎండలో పోతాడు, లేదా అసలు పోడు.

గురువారమే బుక్ చేశాను.

బుధవారం సాయంత్రం ఆటోలో సంచి తెచ్చాడు. వరండాలో గోడకు ఆనించబోయాను.

“ఆడ కాదురా. లోపల పెట్టాల. బయటుంటే చెల్లదంట.”

“ఎవరన్నారు?”

“అంటారులే.”

లోపలికి మోసుకెళ్ళి పుస్తకాల బీరువా పక్కన నిలబెట్టాను. అతను గుమ్మంలోంచి తొంగిచూసి, తృప్తిగా ఊపిరి వదిలాడు. నలభై ఏళ్ళు ఇద్దరం కలిసి చెప్పిన మాటల్లో ఒక్కటీ అతనికి ఆ ఊపిరి ఇవ్వలేకపోయింది.