వక్క లేని తాంబూలం

అందరూ బాగున్నారా? మధురైలో చిన్నమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా? పీలమేడు తమ్ముడికి చక్కెర అదుపులో ఉందా? మేట్టుపాళయం మరిదిగారు కంటి ఆపరేషన్ అయిన మర్నాడే బండి తీశారని విన్నాను. వద్దని చెప్పండి, నాకు నిద్ర పట్టడం లేదు. ఇలా వరుసగా అడుగుతూ వస్తే కారమడైలో మా వదిన దగ్గర ఆగిపోవాల్సి వస్తోంది. పోయిన వారం మధ్యాహ్నం అన్నం తిని, చాప మీద ఒరిగి, అట్లాగే వెళ్ళిపోయింది. గుండె ఆగిందన్నారు. బతికినన్నాళ్ళూ అందర్నీ తొందరపెట్టిన మనిషి, పోయేటప్పుడు ఎవరినీ పిలవలేదు.

ఆమె మా ఆయనకు అక్క. నా మెడలో గడ్డ లేచినప్పుడు కోయంబత్తూరు క్యాన్సర్ ఆసుపత్రికి నన్ను లాక్కుపోయింది ఆమే. అది లింఫోమా అనే క్యాన్సర్ అన్నారు. మందుంది, భయం లేదన్నారు. ఆ మాట నా చెవికెక్కలేదు. "మీ గురించి డాక్టర్లందరం కలిసి కూర్చుని మాట్లాడుకుంటాం" అన్నదే ఎక్కింది.

"వదినా, ఒక్క గడ్డకు అంతమందా? వీండ్లలో ఒకరికీ తెలవదు," అని ఏడ్చాను.

"నీ పెండ్లి కుదిర్చేదానికి ఎంతమంది కూర్చున్నారే?"

"అంతమంది కూర్చునీ మీ తమ్ముడి గురక సంగతి ఒకరూ చెప్పలే కదా!"

"అది నేను చెప్పనీలే."

"సగంలో నన్ను వదిలేస్తే?"

ఆమెకు తాంబూలాలు గుర్తొచ్చినట్టున్నాయి. పెద్దలు ఎన్ని మాట్లాడినా, ఆకువక్క పుచ్చుకునేదాకా మనలో అది మాట కాదు. పుచ్చుకున్నాక తప్పడానికి లేదు. "నేను చూసుకుంటా లే," అంది.

డాక్టర్లు కూర్చున్న రోజు మమ్మల్నీ లోపలికి పిలిచారు. మందెక్కించే డాక్టరమ్మ, స్కాన్ చూసే ఆయన, గడ్డలో ముక్క కోసి భూతద్దంలో చూసే ఆయన, గుండె డాక్టరు, రేడియేషన్ కరెంటు పెట్టే డాక్టరు, నర్సు. మందు ముందన్నారు. దానికి ముందు గుండె చూడాలని గుండె డాక్టరు. కరెంటు డాక్టరు, "నా పని ఇప్పుడు వద్దు, చివర్లో చూద్దాం" అన్నాడు. "పని వద్దనేవాణ్ణి నమ్మచ్చు," అని వదిన నా చెవిలో చెప్పి, సంచిలోంచి ఇత్తడి పళ్ళెం తీసింది. ఆకులు, నిమ్మకాయలు, మధ్యలో గోపురంలా మేట్టుపాళయం వక్కలు!

డాక్టరమ్మ లేచి నిలబడి, తమిళంలో అవ్వను పిలిచినట్టు పిలిచింది. "పాట్టీ! క్యాన్సర్ ఆసుపత్రికి వక్కలా? నోటి క్యాన్సర్ వచ్చేది దీంతోనే!"

"నువ్వు నమలద్దు కన్నా, ముట్టుకో చాలు," అంది వదిన. అంటుంటే ఆమె ఎర్రని నోరు నర్సు కంట పడింది. మరుక్షణం నా డాక్టర్లందరూ ఆమె నోట్లోకి తొంగి చూస్తున్నారు. నేనూ నా గడ్డా మాత్రం కుర్చీలో మిగిలాం.

నోట్లో ఏమీ లేదు. కానీ డాక్టరమ్మ వదల్లేదు. "మేం నిమ్మకాయ పుచ్చుకుంటాం. మీరు వక్క మానాలి. సరేనా?"

పెళ్ళికి ముందు నుంచి వక్క లేకుండా ఆమెకు అన్నం అరగదు. పళ్ళెం వంక చూసింది, నా వంక చూసింది. వక్కలన్నీ చెత్తడబ్బాలో పోసింది. "సరి. మీ మాటకు నా మాట." అందరూ తలా ఒక నిమ్మకాయ తీసుకున్నారు. కరెంటు డాక్టరు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతిలోనే తిప్పుతూ నిలబడ్డాడు.

"మన ఇంట్లోనూ టీము ఉండాల," అంది ఇంటికొచ్చాక. "వంట నాది, మాత్రలు నావి, బస్సు నాది. కవలపడే పని, దిగులుపడే పని నీది. నీ మాదిరి ఎవరూ చెయ్యలేరు." ఆ పని నేను సెలవు లేకుండా చేశాను. తుమ్మినా నర్సుకు ఫోనే. ఆ నర్సు ఏ డాక్టరును అడగాలో వాళ్ళను అడిగి చెప్పేది. ఈ మందు ఎక్కేటప్పుడు జ్వరం వస్తే ప్రాణం మీదికొస్తుందట. ఒకసారి జ్వరం అంటే, "ఇప్పుడే బయల్దేరండి" అంది. ఆ ఒక్క ఫోను కోసమే మిగతావన్నీ ఓర్చుకుందట.

గడ్డ కరిగిపోయింది. వదిన మాత్రం అన్నం తిన్న ప్రతిసారీ బుగ్గన లవంగం పెట్టుకుని, "నీ మెడ బాగయింది, నా నోరు చచ్చింది," అని తిట్టేది. వక్క ముట్టలేదు. పరీక్షకు వెళ్ళినప్పుడల్లా నిమ్మకాయలు కొనడం దండగని పెరట్లో చెట్టే వేసింది.

పోయిన వారం ఆమెకు స్నానం చేయించాక, వాడుక ప్రకారం నోట్లో పెట్టడానికి ఆకువక్క దంచుతున్నారు. నేను రోలు లాక్కున్నాను.

"ఇంకేం క్యాన్సర్ వస్తాదే పిచ్చిదానా!" అన్నారు చుట్టాలు.

"రాదు. మాట ఉండాది కదా," అని లవంగం పెట్టాను.

ఇక ఆసుపత్రికి వెళ్ళకూడదనుకున్నాను. ఆమె లేకుండా ఆ బస్సు ఎక్కడానికి కాళ్ళు రాలేదు. నిన్న నర్సు తనే ఫోను చేసింది. వదిన పోయిందనీ, నేనిక రాననీ చెప్పాను. దానికి ఆమె, "రాకపోతే ఎట్లా పాట్టీ? మేము తాంబూలం పుచ్చుకున్నాం కదా," అంది.

పళ్ళెం తోమి పెట్టాను. నిమ్మకాయలు ఇంకా చెట్టునే ఉన్నాయి, ఇప్పుడే కోస్తే వాడిపోతాయేమోనని భయం. బుధవారం పొద్దున తొమ్మిదింటికి రమ్మన్నారు.