పుదీనా తేనె

ఆ ఏడు ఎండాకాలం చివర్లో మన్నానా పిండిన తేనె నాలిక మీద వేసుకుంటే పుదీనా వాసన కొట్టింది. మొదట తన నాలికనే అనుమానించింది ఆవిడ. నోరు పుక్కిలించి మళ్ళీ రుచి చూసింది. అదే పుదీనా! మొగుడు లయాషీ చేత కూడా నాకించింది. ఆయన కళ్ళు మూసుకుని చప్పరించి, "బాగుంది, రొట్టె తే" అన్నాడు. ఆయన్ని అడగడం తనదే బుద్ధితక్కువ. గోడకి కొట్టిన సున్నం పెట్టినా రొట్టె తే అనే మనిషాయన.

షావెన్ ఊరి గురువారం సంతలో తేనె కొనేవాళ్ళు సీసా వంక చూడరు, అమ్మేదాని మొహం వంక చూస్తారు. "అల్లా మీద ఒట్టెయ్యి, ఇందులో పంచదార లేదని" అంటారు. ఒట్టేస్తే సీసా సంచీలోకి పోతుంది. గొంతు కాస్త తడబడిందో, సీసా అక్కడే ఉండిపోతుంది. మన్నానా ఇరవయ్యేళ్ళుగా ఆ సంతలో కూచుంటోంది. ఎర్ర చారల గుడ్డ నడుముకి చుట్టి, ఉన్ని కుచ్చుల గడ్డిటోపీ పెట్టి, ఆవిడ ఒట్టేసిందంటే ఇంక రెండో మాట ఉండదు. ఆ మాటే ఆవిడ ఆస్తి.

ఆ గురువారం మూలికల కొట్టు హాజ్ బక్కాలి వచ్చి ఒక చుక్క నోట్లో వేసుకున్నాడు. ఆయన కనుబొమలు టోపీ దాకా లేచాయి.

"ఎక్కడిదమ్మా ఈ పువ్వు?"

మన్నానాకి ఏం తెలుసు? కానీ అంత పెద్దమనిషి అడుగుతుంటే తెలీదనడానికి నోరు రాలేదు. "పైన లోయలో, దేవుడి వంతెన అవతల, అడవి పుదీనా బీడు ఉంది హాజ్. నా తేనెటీగలు కనిపెట్టాయి" అనేసింది. పంచదార లేదని ఒట్టు కూడా వేసింది. ఆ ఒట్టులో అబద్ధం లేదు మరి, ఆవిడెప్పుడూ తేనెగూళ్ళకి పంచదార పెట్టి ఎరగదు.

బీడు మాట పైవారానికల్లా ఆవిడే నమ్మేసింది. నమ్మడమేంటి, రాత్రిళ్ళు కళ్ళు మూసుకుంటే ఆ బీడే కనిపించేది. ఏ మలుపులో ఉంటుంది? ఇన్నాళ్ళూ మేకలవాళ్ళ కంట పడలేదేం? పొద్దున లేస్తే చెట్టు బెరడుతో కట్టిన గూళ్ళ ముందు చతికిలబడి, ఈగలు ఏ వైపు పోతున్నాయో మెడ నొప్పెట్టేదాకా చూసేది. అన్నీ నది వెంట పైకే పోతున్నాయి.

రెండో గురువారం సంతలో రహీమో నోరు విప్పింది. రహీమో మన్నానాకి తోటికోడలు, మరిది పెళ్ళాం. అత్తగారు గూళ్ళు పంచేటప్పుడు ఎండ తగిలేవి పెద్దకోడలికీ, నీడలోవి చిన్నకోడలికీ ఇచ్చిందని అప్పట్నించీ ఇద్దరికీ పడదు. పడకపోయినా చాపలు మాత్రం పక్కపక్కనే. ఒకరి బేరం ఇంకొకరు చూడకపోతే ఇద్దరికీ తోచదు.

"పంచదార పాకంలో గుప్పెడు పుదీనా పడేసి ఉడకబెడితే సరి, మా పెరడు కూడా బీడైపోతుంది" అంది రహీమో, సంతంతా వినేలా.

మన్నానాకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా ఒట్టుని అబద్ధమంటావే? రా! రేప్పొద్దున్నే నాతో లోయలోకి రా! బీడు చూపిస్తాను, ఆ తర్వాత నీ నోరు ఎక్కడ పెట్టుకుంటావో చూస్తాను!"

"వస్తానక్కా, ఎందుకు రానూ! పనిలో పని, నా ఈగలెక్కడికి పోతాయో నువ్వూ చూద్దువుగాని. అవి కొండమీది లావెండరు తప్ప ముట్టవు."

హాజ్ బక్కాలి గడ్డం నిమురుకున్నాడు. "వెళ్ళి చూసి రండి. వచ్చే గురువారం ఇద్దరిలో ఎవరు మనస్ఫూర్తిగా ఒట్టేస్తే వాళ్ళ సరుకంతా నాది" అన్నాడు.

మర్నాడు ఎండెక్కకముందే మన్నానా ఆనవాలు కోసం గూళ్ళ మూతి దగ్గర గోధుమపిండి చల్లింది. బయటికొచ్చిన ప్రతి ఈగ వీపూ తెల్లబడింది. రహీమో తన గూళ్ళ దగ్గర పసుపు చల్లొచ్చింది. ఇద్దరూ రొట్టే, మేకపాల జున్నూ మూటగట్టుకుని బయల్దేరారు. నది మీది ఆనకట్ట దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఒకటి దేవుడి వంతెనకి, ఒకటి జలపాతాలకి. మన్నానా సంతలో చెప్పింది వంతెన అవతలనే కదా, అటే నడిచారు.

ఆడవాళ్ళకి కట్టెలూ గడ్డీ ఈ ఒడ్డునే దొరుకుతాయి, పైదాకా ఎక్కే పనేముంది? మన్నానా వంతెన చూసింది ఎప్పుడో చిన్నపిల్లప్పుడు. ఎర్రటి రాయి ఈ కొండ నుంచి ఆ కొండకి దానంతటదే వంగి నిలబడి ఉంది. ఎక్కడో కింద పచ్చటి నీళ్ళు. పైనెక్కి నిలబడితే వెనక్కి రాబుద్ధి కాలేదు. ఎదుటి బండ మీద తోకలేని కోతొకటి పిల్లకి పేలు చూస్తూ, వీళ్ళని కూడా ఓ చూపు చూసి, తన పనిలో తను పడింది.

"ఇన్ని నీళ్ళూ మన ఊరి మీంచే పోతున్నాయంటావా?" అంది రహీమో.

"మరి మీ పుట్టింటి మీంచి పోతాయా?"

అవతలికి దాటి చూశారు. రాళ్ళు, తుప్పలు, ఎండి గలగల్లాడే పుదీనా పుల్లలు నాలుగు. పువ్వు అనేది లేదు. తెల్లవీపు ఈగ ఒక్కటి లేదు. మన్నానా ఒక తుప్ప వెనకా, ఇంకో తుప్ప వెనకా, ఇంకో మలుపు దాకా వెతికింది. చివరికి రాయి మీద కూలబడింది. మొహం చెల్లడం లేదు. ఇప్పుడు రహీమో ఎగతాళి మొదలెడుతుంది చూడు అని కాచుకుంది. రహీమో మాత్రం మూట విప్పి రొట్టె తుంచి చేతిలో పెట్టింది. "ఈ దారి కాకపోతే ఆ దారి. ఇంత దూరం వచ్చి సగంలో పోతామా? నాకూ చూడాలనుంది" అంది. అప్పుడు చూసింది మన్నానా, దాని కళ్ళు కూడా తన కళ్ళలాగే ఆత్రంతో మెరుస్తున్నాయి.

ఆనకట్ట దాకా దిగి రెండో దారి పట్టారు. ఇటు జనమే జనం. తెత్వాన్, ఫాస్ పట్నాల నుంచి పిల్లాపాపల్తో వచ్చినవాళ్ళు. నదిలోనే కుర్చీలు వేసుకుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూచున్నారు. ఒడ్డున బొగ్గుల మీద మట్టిమూకుళ్ళలో మాంసం ఉడుకుతోంది. నీళ్ళ ధార కింద నారింజకాయలు చల్లబడుతున్నాయి. ఒక పట్నం పిల్ల పరిగెత్తుకొచ్చి, "ఆంటీ, ఆ టోపీలతో ఒక్క ఫోటో!" అంది.

"తియ్యి తల్లీ. ఈమెని మాత్రం కాస్త పక్కకి జరగమను" అంది రహీమో.

ఫోటో అయింది. ఆ పిల్ల గ్లాసు ఎత్తబోయి కెవ్వుమంది. అంచు మీద ఈగ. మన్నానా చేత్తో తోలేసి ముందుకి నడిచింది. టీ గ్లాసు మీద తేనెటీగ ఉంటే ఆ ఊళ్ళల్లో ఎవరు పట్టించుకుంటారు? పుట్టినప్పట్నించీ చూస్తున్నదే. పది అడుగులు వేసేదాకా ఆవిడ బుర్రకి ఎక్కలేదు, ఆ ఈగ వీపు తెల్లగా ఉందని.

ఆగింది. రహీమో కూడా ఆగింది. ఇద్దరూ ఆ ఈగ పోయిన వైపుకే నడిచారు.

చిన్న జలపాతం కింద ముఫద్దల్ టీ కొట్టుంది. వరసకి ఇద్దరికీ మరిదే. వీళ్ళని చూసి ఎగిరి గంతేశాడు. "ఒదినలిద్దరూ కలిసొచ్చారా! ఇవాళ నది వెనక్కి పారుతుందేమో! కూచోండి, టీ పోస్తా."

"టీ తర్వాత. ఇక్కడ ఈగలు..." అంది మన్నానా.

"అమ్మో, వాటి గోల చెప్పకు ఒదినా! వచ్చినవాళ్ళు గ్లాసు ముట్టుకోలేక లేచిపోయేవాళ్ళు. అందుకే ఈ ఎండాకాలం ఒక ఉపాయం కనిపెట్టా. రా, చూద్దువుగాని."

కొట్టు వెనక్కి తీసుకెళ్ళాడు. బండ మీద రాతితొట్టి. గ్లాసుల్లో మిగిలిన పుదీనా టీ అంతా, వాడేసిన ఆకుతో సహా, అందులో కుమ్మరిస్తున్నాడు. చాలదన్నట్టు పైనించి నాలుగు పంచదార గడ్డలు. తొట్టి అంచు కనపడకుండా ఈగలు ముసిరి ఉన్నాయి. "దీని రుచి మరిగాక ఒక్కటీ కొట్టు వైపు రావట్లేదు. చూడు, మేపుతున్నా మహారాజుల్లా!" అన్నాడు గర్వంగా.

తెల్లవీపులు. వందలు. వాటి మధ్యలో, భుజం భుజం రాసుకుంటూ, పసుపు వీపులు.

మన్నానాకి నవ్వొచ్చింది, వెంటనే వేసిన ఒట్లు గుర్తొచ్చాయి. రెండు సంతల్లో అల్లా పేరు పెట్టి అమ్మింది ఈ తొట్టినా! రహీమో మొహం పాలిపోయింది. లావెండరు మాట ఎత్తలేదు. దాని గూళ్ళు నీడలో ఉంటాయి, తేనె నల్లగా ఘాటుగా దిగుతుంది, అందులో పుదీనా మునిగిపోయింది కాబోలు.

దిగేటప్పుడు ఆనకట్ట దగ్గర రహీమో గొంతు తగ్గించి, "మనం పోశామా ఏంటి? పువ్వు మీద వాలినా, తొట్టి మీద వాలినా ఈగ తెచ్చిందే కదా. ఎవరు చూడొచ్చారక్కా?" అంది. ఏం చెయ్యాలో మన్నానాకే తేలలేదు. గూటిలో ఏడాది కష్టం ఉంది. చలికాలం నూనె, పిండి, అన్నీ ఆ సీసాల్లోంచే రావాలి.

గురువారం హాజ్ బక్కాలి సంచులతో సహా వచ్చాడు. చుట్టూ జనం. "ఉందా బీడు?"

"లేదు హాజ్." మన్నానా తన సీసాలు వెనక్కి జరిపింది. "ముఫద్దల్ టీ తొట్టి ఉంది. నా ఈగలు పంచదార తాగి వస్తున్నాయి. ఒట్టేసినప్పుడు నాకు తెలీదు, ఇప్పుడు తెలుసు. నా దగ్గర కొన్నవాళ్ళు తెచ్చిచ్చెయ్యండి, తీసుకుంటా."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. హాజ్ నవ్వలేదు, తల ఊపి రహీమో వైపు తిరిగాడు. "నువ్వన్నదే నిజమైందమ్మా. నీ తేనె మొత్తం ఎత్తేస్తా. ఒట్టెయ్యి."

ఒక్కమాట చాలు, రహీమో పని అయిపోతుంది. పసుపు వీపుల సంగతి మన్నానా నాలిక చివర ఉంది. ఇలాంటి రోజు కోసం ఎన్నేళ్ళు మొక్కుకుందో! తీరా వచ్చాక మాట పెగల్లేదు. దాని బేరం పోతుందని కాదు, తెలిసి కూడా అది నిజంగానే ఒట్టేసేస్తుందేమోనని భయం వేసింది. వెయ్యకే, వెయ్యకే తల్లీ, అనుకుంటూ గుడ్డ కొంగు గట్టిగా పట్టుకుంది.

రహీమో సీసా మూత మీద చెయ్యి వేసింది. "అల్లా మీద..." అని ఆగింది. జనం చూస్తున్నారు. చెయ్యి తీసేసింది.

"నేను వెయ్యను హాజ్. నాదీ ఆ తొట్టి తేనే. ఈమె కళ్ళారా చూసింది. చూసి కూడా నోరు మూసుకుని కూచుంది చూడండి, మహాతల్లి!"

తిట్టినట్టే అంది. హాజ్ ఖాళీ సంచులు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. జనం పలచబడ్డారు. రహీమో టోపీ మొహం మీదికి లాక్కుంది, కింద భుజాలు కదులుతున్నాయి.

"ఏడవకే. సరుకు పోతే పోయింది" అంది మన్నానా.

"సరుక్కి కాదు. ఇప్పుడు చెప్పేస్తావు, ఇప్పుడు చెప్పేస్తావు అని పొద్దుట్నించీ నిన్ను బండబూతులు తిట్టుకుంటూ కూచున్నానక్కా."

"నేను మాత్రం?" అంది మన్నానా, ముక్కు చీదుకుని. "నువ్వు ఒట్టేసేస్తావని నిన్ను అంతకంటే ఎక్కువ తిట్టుకున్నా."