అమీర్‌పేటలోనే ఉండిపోయిన చుక్క

మా అన్నయ్య రోజూ సాయంత్రం ఫోన్ చేసి మొట్టమొదట అడిగేది, "ఎక్కడున్నావే?" అని. తిన్నావా, జీతం పడిందా, ఇవన్నీ ఆ తర్వాతే. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. తెనాలి నుంచి వచ్చి, అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసి, పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని, ఇంకా బడిపిల్లలా సంజాయిషీ ఇచ్చుకోవాలా అని. అలాంటిది ఒకరోజు అన్నయ్య ఆ మాట అడగడం మానేశాడు. అసలు భయం అప్పుడు మొదలైంది.

ఆ రోజు అడక్కుండా తనే చెప్పాడు, ఏంటి ఇంకా ఆఫీసులోనే ఉన్నావు అని. మర్నాడు కృష్ణానగర్‌లో నీకేం పని అన్నాడు. నిజంగానే అక్కడ ఉన్నాను. చేపల పులుసు బాగుంటుందంటే రూమ్మేటుతో కలిసి ఒక మెస్‌కి వెళ్ళాను. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అప్పట్లో మేమిద్దరం అమీర్‌పేటలో ఒక ముస్లిం కుటుంబం వాళ్ళ మేడమీద గదిలో అద్దెకుండేవాళ్ళం. ఇంటావిడని ఖాలా అని పిలిచేవాళ్ళం. మేం కొనుక్కున్న వైఫై డబ్బా పేరుకే మాది. కింద ఖాలా వాళ్ళూ, పక్క గదిలో జావా నేర్చుకునే అమ్మాయిలూ, వాళ్ళని చూడ్డానికొచ్చే చుట్టాలూ అందరూ దాని మీదే. ఆ వీధిలో పాస్‌వర్డ్ అంటే తోడుకి పెరుగు లాంటిది, అడిగితే లేదనకూడదు. అందుకని ఆ దారిలోనే ఎవరో దూరి నా సంగతులు అన్నయ్యకి చేరవేస్తున్నారనుకున్నాం. పాస్‌వర్డ్ మార్చేశాం. నెట్‌వర్క్ పేరు ఎవరికీ కనబడకుండా దాచేశాం. దాంతో దుబాయ్‌లో ఉన్న చెల్లెలితో మాటలు ఆగిపోయి ఖాలా మా మీద అలిగింది. అన్నయ్యకి మాత్రం అన్నీ తెలుస్తూనే ఉన్నాయి.

చివరికి రూమ్మేటు నా ఫోన్ తీసుకుని లోపలంతా వెతికింది. తను నెట్‌వర్కింగ్ చదివిన పిల్ల. ఆ ఫోన్ నాకు ఉద్యోగం వచ్చినప్పుడు అన్నయ్య కొనిచ్చింది. మా ఇళ్ళల్లో ఆడపిల్లకి కొత్త ఫోన్ వస్తే దాన్ని విప్పి, అకౌంట్ తెరిచి, పాస్‌వర్డ్ కూడా పెట్టి చేతికిచ్చేది అన్నో నాన్నో. అదంతా ప్రేమ కిందే జమ. ఆ ప్రేమతోనే, ఈమధ్య అదే పాస్‌వర్డ్ వాడి, నేనెక్కడుంటే అక్కడ తన ఫోన్‌లోని మ్యాపు మీద ఒక నీలం చుక్క కనబడేలా పెట్టుకున్నాడు.

ఆపేస్తానంది రూమ్మేటు. నేనే వద్దన్నాను. నాన్న పోయాక మా ఇంట్లో అన్నయ్య మాటే మాట. ఏమాత్రం అనుమానమొచ్చినా ఉద్యోగం మానిపించి తీసుకుపోతానని పంపేటప్పుడే చెప్పాడు. చుక్క ఆరిపోతే ఆ వారమే రైలెక్కేవాడు. నాకేమో ఆ ఉద్యోగం ప్రాణంతో సమానం. అందుకని చుక్కకి భయపడుతూ బతకడం నేర్చుకున్నాను. సినిమాకి పిలిస్తే తలనొప్పన్నాను. ఆఫీసులో తోటి అమ్మాయి సోమాజిగూడ ఆసుపత్రిలో ఉంటే, ఫోన్ గదిలోనే వదిలేసి వెళ్ళి, ఈలోగా అన్నయ్య ఫోన్ చేస్తాడేమోనని పరుగున తిరిగొచ్చాను. ఏ తప్పూ చెయ్యకుండా దొంగలా నడవడమంత అసహ్యం ఇంకొకటి లేదు.

ఆ ఎండాకాలం ఆఫీసుకి దగ్గరని పంజాగుట్టలో ఒక ఇంటి వెనక గదికి మారాం. పరుపులు, బకెట్లు, వైఫై డబ్బా అన్నీ ఒక ట్రాలీ ఆటోలో వచ్చేశాయి. అన్నయ్యకి ముందే చెప్పాను, అడ్రసు కూడా ఇచ్చాను. కొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఫోన్‌లో అడిగాడు. గొంతులో కోపం కూడా లేదు.

"పంజాగుట్ట అన్నావు. రోజూ పడుకోడానికి అమీర్‌పేట ఎందుకెళ్తున్నావు?"

గదిలోనే ఉంటున్నానని చెప్పాను. ఒట్టేశాను. నువ్వంటే అబద్ధమాడతావు గానీ ఫోనెందుకు ఆడుతుందని పెట్టేశాడు. ఇక అయిపోయింది, నా సామాను సర్దుకోవడమే మిగిలిందనుకున్నాను.

రెండ్రోజుల తర్వాత ఆదివారం పొద్దున్నే ఖాలా ఫోన్ చేసింది. అలక సంగతి మర్చిపోయినట్టుంది.

"బేటా, మీ అన్న వచ్చిండు. నువ్వు ఈడనే ఉన్నవంటుండు. చాయ్ ఇచ్చి కూసోబెట్టిన, జర జల్దీ రా."

షేర్ ఆటోలో అమీర్‌పేటకి పరుగెత్తాను. అప్పటికే ఖాలా తాళం తీసి మేడమీద గది చూపించిందట. డబ్బా తగిలించిన మేకు, మేం అంటించిన క్యాలెండర్ మరక తప్ప అందులో ఏమీ లేదు. అన్నయ్య కింద కుర్చీలో కూర్చుని చల్లారిపోయిన చాయ్ వంక చూస్తున్నాడు. నా మొహం చూడలేదు. "జవాన్ పిల్లను ఊకె పరేషాన్ చెయ్యకు బాబూ" అని మాత్రం అంది ఖాలా. అన్నయ్యని ఆటో ఎక్కించుకుని పంజాగుట్ట తీసుకొచ్చాను.

గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, రూమ్మేటు చెవిలో చెప్పినట్టే మా వైఫై పాస్‌వర్డ్ చెప్పి, నీ ఫోన్‌లో మ్యాపు ఒకసారి తెరువన్నాను. తెరిచాడు. మ్యాపు ప్రకారం మా అన్నయ్య కూడా అమీర్‌పేటలో, ఖాలా వాళ్ళ మేడమీదే ఉన్నాడు.

అప్పుడు రూమ్మేటు నెమ్మదిగా చెప్పింది. ప్రతి వైఫై డబ్బాకీ దానిదంటూ ఒక నంబరు ఉంటుందట. మా డబ్బా ఫలానా చోట ఉందని మ్యాపు ఎప్పుడో రాసిపెట్టుకుంది. మేం దాన్ని ఇక్కడికి మోసుకొచ్చిన సంగతి దానికింకా తెలియదు. గది నాలుగు ఇళ్ళ మధ్య ఇరుక్కుని ఆకాశం కనబడదు, ఉపగ్రహాల కబురు అందదు, కనక ఫోన్ ఆ డబ్బా మాటే నమ్ముతోంది. అని చెప్పి డబ్బా ప్లగ్గు పీకేసి, ఆయన్ని వాకిట్లోకి నడిపించింది. కొద్దిసేపటికి చుక్క ఎగిరి పంజాగుట్టలో పడింది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "అన్నయ్యా, నేనెక్కడున్నానో ఆ డబ్బాని కాదు, నన్నడుగు" అన్నాను. ఆయన నా ఫోన్ తీసుకుని రూమ్మేటు చేతికిచ్చి, "అది తీసెయ్యమ్మా" అన్నాడు. అకౌంట్ పాస్‌వర్డ్ నన్నే మార్చుకోమని, నేను టైపు చేస్తున్నంతసేపూ గోడకేసి తిరిగి నిలబడ్డాడు. మధ్యాహ్నం మా వంకాయ కూర తిని, ఉప్పు తక్కువైందని చెప్పి మరీ రైలెక్కాడు.

మర్నాడు సాయంత్రం పంజాగుట్ట చౌరస్తాలో బజ్జీల బండి దగ్గర ఉండగా ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావే?"

చెప్పాను. ఎవరితో అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. నూనెవి ఎక్కువ తినకు, గ్యాసు అన్నాడు. నాకు ఎందుకో కళ్ళు చెమర్చాయి. అన్నయ్య అడుగుతున్నాడంటే ఆయనకి తెలియదన్నమాట. నేను చెబితేనే తెలుస్తుంది.