అత్తగారి కొలనుకి మాట్లు

పెరట్లో ఈతకొలను ఉందంటే గొప్పగా వినిపిస్తుంది గానీ, నిజానికి అది నేలమీద నిలబెట్టిన పెద్ద రేకు గంగాళం. చుట్టూ ఉక్కు రేకు గోడ, లోపల నీలం ప్లాస్టిక్ పొర. మామగారు ఓపికున్న రోజుల్లో కట్టించి, ఓపిక తగ్గాక పట్టించుకోవడం మానేసి, చివరికి లోకాన్నే వదిలేశారు. గోడకి తుప్పు పట్టింది.

కోడలు వీధి చివర బ్యూటీపార్లర్ నడుపుతుంది. ఆమె మొగుడు డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. అలవాటు కొద్దీ ఇంట్లో కూడా పక్క సీట్లో కూర్చుని సలహాలివ్వడమే తప్ప స్టీరింగు ముట్టుకోడు.

"పాత ఇనపసామాన్లవాడికి ఇచ్చేద్దాం," అన్నాడతను.

"ముందు నన్నివ్వరా, బాగా తూగుతాను," అంది తల్లి. ఆవిడ మోకాళ్లు నీళ్లలో ఉన్నంతసేపే మాట వింటాయి. బయటికొస్తే కొడుకు లాంటివే.

నీళ్లు రోజూ జానెడు తగ్గిపోతున్నాయి. ఎటు పోతున్నాయో తెలియదు. కోడలు పార్లర్లో మిగిలిన జుట్టు రంగు తెచ్చి, కొలనులో దిగి, గోడ వెంబడి చుక్కచుక్కగా వదిలింది. నల్లటి చార బద్ధకంగా తేలుతూ వెళ్లి, పంపు గొట్టం గోడలో దూరే చోట చటుక్కున మాయమైంది. అక్కడ రబ్బరు వాషరు చివికిపోయింది. ఏళ్ల తరబడి ఆ నీరే పొర వెనక్కి జారి రేకుని తినేసింది.

"నీళ్లన్నీ తోడేద్దాం," అన్నాడు మాస్టారు.

"మొత్తం తోడితే గోడ మనమీద పడుకుంటుంది. గొట్టం కిందిదాకా చాలు," అంది కోడలు.

కొత్త వాషరు బిగించి, బయటివైపు తుప్పు గీకే పని మొగుడికి అప్పగించింది. చేతికి తీగ బ్రష్షు వచ్చేసరికి అతనికి ఎక్కడలేని పౌరుషం పుట్టుకొచ్చింది. ఫట్‌మంది. బ్రష్షు రేకులోంచి దూరి, పొరని కూడా చీల్చింది. ధార మొహాన కొట్టింది. కంగారులో వెనక్కి తిరిగి, కన్నానికి వీపు ఆనించి కూలబడ్డాడు.

కేకలు విని తల్లి కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. "ఏరా, పని మధ్యలో ఆ కూర్చోవడమేంటి?"

"లేస్తే నీళ్లన్నీ బయటికొస్తాయమ్మా!"

"అయితే కూర్చో. పుట్టి బుద్ధెరిగాక ఇప్పటికి పనికొచ్చావు."

కోడలు నవ్వాపుకోలేక, అలాగే నీళ్లలో దిగి, లోపలినుంచి ప్లాస్టిక్ ముక్కని తడిలో పట్టే జిగురు పెట్టి అతికించింది. తర్వాత బయట రేకు మెరిసేదాకా తుప్పు గీకి, కన్నం అంచులు అరగదీసి, దానిమీద జింకు రేకు మాటు వేసింది. మళ్లీ తుప్పు పట్టకుండా ఎర్ర ప్రైమరు పూసి, ఆరాక నీలం రంగు వేసింది. ఈసారి మొగుణ్ణి దగ్గరికి రానివ్వలేదు.

మళ్లీ నిండా నీళ్లు పట్టారు. మర్నాడు చూస్తే చుక్క తగ్గలేదు. అత్తగారు నిచ్చెన దిగి గడ్డం దాకా మునిగింది. నీళ్లని అరచేత్తో అటూ ఇటూ నిమిరింది.

"మీ మామగారు ఇది కట్టిస్తుంటే పిచ్చి పట్టిందన్నానమ్మాయ్," అంది. "రోజూ ఇందులోనే నానేదాన్ని. బావుందని మాత్రం ఒక్కసారీ చెప్పలేదు."

కోడలు తనూ నీళ్లలో దిగి, ఆవిడ మోచేతి కింద చెయ్యి వేసి, నీళ్లమీద వెల్లకిలా తేలనిచ్చింది. వాళ్లిద్దరినీ ఇక బయటికి రమ్మని పిలిచి పిలిచి మాస్టారి గొంతు బొంగురుపోయింది.