తిప్పని పేజీ

నా చిన్నప్పుడు ఒకసారి, తెలుగులో ఒక్క అక్షరం రాకుండానే, తెలుగు పుస్తకం చేత్తో పట్టుకుని పాఠమంతా గడగడా చదివేశాను. అది జరిగిన బడిని ఈ ఏడాది మూసేస్తున్నారని మొన్న తెలిసింది. పిల్లలు లేరట.

భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ టౌన్‌షిప్ దాటాక, పొలాల మధ్య రేకుల కప్పు బడి అది. చుట్టుపక్కల నాలుగు చిన్న ఊళ్ళకి అదొక్కటే సర్కారీ హైస్కూలు. టౌన్‌షిప్ సెక్టర్లలో క్వార్టర్లున్నవాళ్ళ పిల్లలకి కంపెనీ బళ్ళుండేవి. మా నాన్న ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద కూలీ, కాబట్టి మాకు ఇదే దిక్కు. వాన పడితే రేకుల చప్పుడుకి ఏ మాటా వినిపించేది కాదు. పాఠం ఆపేసి అందరం పైకి చూస్తూ కూర్చునేవాళ్ళం.

చదువంతా హిందీలోనే. రోజుకొక్క పీరియడ్ మాత్రం వరండా చివర తెలుగు తరగతి జరిగేది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన కూలీల పిల్లల కోసం మా తెలుగు మాస్టారు అక్కడ పాఠం చెప్పేవారు. ఊరికి వెళ్ళొచ్చే వాళ్ళ చేత రైల్లో పుస్తకాలు తెప్పించి, వాటికి సిమెంటు బస్తా కాగితంతో అట్టలు వేసేవారు. నేను ఆ తరగతిలో లేను. "తెలుగు ఇంట్లో ఉంది కదేటి, మళ్ళీ బళ్ళో ఎందుకూ?" అని మా నాన్న చేర్పించలేదు.

నాకు పదకొండేళ్ళప్పుడు, చలికాలంలో ఇన్‌స్పెక్షన్ వస్తుందన్నారు. పదిహేను మంది ఉంటేనే తెలుగు తరగతి ఉంటుంది, లేకపోతే మాస్టారి ఉద్యోగమూ పోతుంది. ఉన్నది పదిమందే. మాస్టారు తెలుగు ఇళ్ళన్నీ తిరిగి, నాలాంటివాళ్ళని అయిదుగుర్ని పోగుచేశారు. గడువు రెండు వారాలే. అక్షరాలు నేర్పే వ్యవధి లేదు. ఆయన చదివేవారు, మేం వల్లించేవాళ్ళం. నాకు అందరికంటే ముందు నోటికొచ్చింది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆ గర్వంతో ఇంట్లో గిన్నెలు తోముతూ కూడా పాఠం అప్పజెప్పేదాన్ని.

వచ్చిన సాహెబుకి తెలుగు ముక్క రాదు. అందుకే మాకు భయం లేదు. నన్ను లేపాడు. నేను పుస్తకం తెరిచి, అక్షరాల కింద వేలు జరుపుతూ, తడబడకుండా పాఠం పూర్తిచేశాను. ఆయన నవ్వుతూ దగ్గరికొచ్చి పుస్తకంలోకి తొంగిచూశాడు. కాగితం తిప్పాడు. తెలుగు రాకపోయినా, పాఠం వెనక పేజీ సగం దాకా ఉందని చూడగానే తెలుస్తుంది.

"బేటీ, పన్నా కబ్ పల్టా?" అన్నాడు. పేజీ ఎప్పుడు తిప్పావని.

నేను తిప్పలేదు. తిప్పాలని నాకు తెలియదు. మాస్టారు చదివేటప్పుడు మేం ఆయన నోరే చూసేవాళ్ళం, చేతులు చూడలేదు.

పిల్ల కంగారు పడిందని మాస్టారు అనొచ్చు. అనలేదు. లేచి నిలబడి, ఈ అయిదుగురికీ చదవడం రాదనీ, తానే వల్లె వేయించాననీ, తప్పు తనదేననీ హిందీలో చెప్పేశారు. వచ్చే ఏడాది నుంచి తెలుగు తరగతి ఉండదని ఆ సాయంత్రానికే అందరికీ తెలిసిపోయింది. "ఒలమ్మా, అంత పాఠం నోటికొచ్చింది, పేజీ తిప్పడం రానేదేటే నీకు!" అని మా అమ్మ తల పట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం తిండి వేళ ఆయన మా అయిదుగుర్నీ వరండాకి పిలిచి, పలకల మీద 'అ' రాశారు. తిడతారనుకుని వెళ్ళిన నాకు అర్థం కాలేదు. "తరగతి పోయింది కదండీ, ఇంకెందుకండీ?" అన్నాను.

"చదవడం వచ్చని మీ చేత అబద్ధమాడించాను. వెళ్ళేలోపు దాన్ని నిజం చెయ్యాలి కదమ్మా," అన్నారు.

వేసవికి అయిదుగురిలో నేనొక్కదాన్నే మిగిలాను. ఆఖరి రోజు అదే పాఠం చదివించారు. పేజీ చివరికొచ్చి ఆగి, తిప్పి, మళ్ళీ మొదలుపెట్టాను. మాస్టారు పుస్తకం నాకిచ్చేసి, సైకిలెక్కి వెళ్ళిపోయారు. తర్వాత ఎక్కడున్నారో తెలియలేదు.

ఎనిమిదితో నా చదువు ఆగిపోయింది. మిగతాదంతా టౌన్‌షిప్ లైబ్రరీలో నేర్చుకున్నదే. పై అర నుంచి మొదలుపెట్టి, అక్కడి తెలుగు అలమరాలో ఉన్నవన్నీ చదివాను. అడిగేవాళ్ళు లేకపోయినా గొప్పగానే చెప్పుకుంటాను. ఇప్పుడు ఏ పుస్తకం తీసినా, వెనక అంటించిన చీటీలో నా సంతకం కిందే మళ్ళీ నా సంతకం.

పోయిన వారం బడికెళ్ళి, మూసేదాకానైనా తెలుగు పిల్లలకి అక్షరాలు నేర్పుతానన్నాను. "సిఖాయేంగీ కిస్‌కో, ఆంటీజీ?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్. నేర్పేది ఎవరికని. కోపంగా అనలేదు పాపం. వరండా ఖాళీగా ఉంది. స్మృతి నగర్‌లో మా ఇంటికొచ్చి మనవడికి పలక చూపిస్తే, "ఫోనే చదివి వినిపిస్తుంది కదా నాయనమ్మా," అన్నాడు.

ఆయన అబద్ధాన్ని నిజం చేసి వెళ్ళారు. ఆ నిజం నాతోనే ఆగిపోయేలా ఉంది. అయినా ఆ రోజుల నుంచి ఒక అలవాటు నన్ను వదల్లేదు. ఎన్నిసార్లు చదివిన పుస్తకమైనా, పేజీ చివరికి రాగానే నా నోరు ఆగుతుంది. తర్వాతి మాట తెలిసినా పలకను. తిప్పి, కళ్ళతో చూశాకే పలుకుతాను. వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా సరే.